స్ప్రింగు గన్ నుంచి పీసీపీకి: 240 ఏళ్ల గాలి కథ

ఈ మధ్య నాకు మళ్లీ మళ్లీ వస్తున్న మెసేజ్ ఒకటుంది. "అన్నా, నా దగ్గర స్ప్రింగు ఎయిర్ రైఫిల్ ఉంది. టెన్ మీటర్స్ సీరియస్‌గా ఆడాలనుకుంటున్నా. ఇంట్లో వాళ్లని ఒప్పించి పీసీపీ కొందామనుకుంటున్నా. ఏది తీసుకోవాలి?" అడిగేవాళ్లలో ఎక్కువమంది కాలేజీ పిల్లలే. పెట్టేది అమ్మానాన్నల డబ్బు. పేరున్న విదేశీ మ్యాచ్ రైఫిల్ అయితే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. అందుకే ఏదో ఒక మోడల్ పేరు చెప్పేసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ ప్రశ్నకి చరిత్రలో ఒక మంచి జవాబు ఉంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు తేడా ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. జాతరలో, నాంపల్లి నుమాయిష్‌లో బెలూన్లు కాల్చే స్టాల్ చూసే ఉంటారు. అక్కడ స్టాల్ అతను బ్యారెల్‌ని మధ్యలో విరిచినట్టు వంచి, పెల్లెట్ పెట్టి ఇస్తాడు కదా, అది స్ప్రింగు గన్. అలా వంచినప్పుడు లోపల బలమైన స్ప్రింగు ముడుచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ని తోస్తుంది. అంటే ప్రతి షాట్‌కీ గాలి అప్పటికప్పుడు తయారవుతుందన్నమాట. పీసీపీ, అంటే ప్రీ-చార్జ్‌డ్ న్యూమాటిక్, అలా కాదు. గాలిని ముందే సిలిండర్‌లో దట్టించి పెడతాం. ట్రిగ్గర్ నొక్కితే వాల్వ్ ఒక్క క్షణం తెరుచుకుని కొంచెం గాలి వదిలి మూసుకుంటుంది.

ఇప్పుడు చెప్పండి, ఈ రెండిట్లో ఏది పాతది? స్ప్రింగు గన్ పాతది, పీసీపీ కొత్త టెక్నాలజీ అని చాలామంది అనుకుంటారు. కానీ సైన్యంలోకి ముందు వెళ్లింది పీసీపీయే.

సుమారు 1780లో ఆస్ట్రియా సైన్యం ఒక వింత తుపాకీని తీసుకుంది. దాన్ని తయారు చేసినాయన బార్తొలొమియస్ జిరార్డోని. భుజానికి ఆనించే వెనక భాగం, మనం బట్ అంటామే, అక్కడ చెక్కకి బదులు ఇనుప రేకుతో చేసిన గాలి సీసా ఉండేది. గాలి అయిపోతే దాన్ని విప్పి ఇంకోటి బిగించుకోవడమే. బ్యారెల్ పక్కన గొట్టంలో ఇరవైకి పైగా గుండ్లు పట్టేవి. తుపాకీ మూతి పైకెత్తి, బొటనవేలితో ఒక అడ్డకడ్డీని నొక్కితే గుండు తనంతట తానే లోపలికి జారేది.

ఆ రోజుల్లో మామూలు సైనికుడి చేతిలో ఉన్నది మస్కెట్. మందు పోయాలి, గుండు వెయ్యాలి, కడ్డీతో దట్టించాలి. నిమిషానికి రెండు మూడు సార్లు కాలిస్తే గొప్ప. వానొస్తే మందు తడుస్తుంది. కాలిస్తే పొగ లేచి, మనిషి ఎక్కడున్నాడో శత్రువుకి తెలిసిపోతుంది. జిరార్డోని తుపాకీకి మందూ లేదు, పొగా లేదు, వాన భయమూ లేదు. వినడానికి గేమ్‌లో చీట్ కోడ్‌లా ఉంది కదా?

మరి ప్రపంచంలోని సైన్యాలన్నీ దీనికి ఎందుకు మారలేదు? ఆస్ట్రియావాళ్లే 1815 నాటికి దీన్ని ఎందుకు పక్కన పెట్టేశారు?

గురి తప్పుతుందని కాదు. ఒక్క సీసా నింపాలంటే చేతి పంపు దాదాపు 1,500 సార్లు కొట్టాలి. సైనికుడి దగ్గర తుపాకీకి ఉన్నది కాక ఇంకో రెండు సీసాలు. మూడూ ఖాళీ అయితే నాలుగున్నర వేల సార్లు! అంత కొట్టాక ఒక సీసాకి వచ్చేవి సుమారు 30 మంచి షాట్లు. అవి కూడా ఒకేలా ఉండవు. గాలి తగ్గేకొద్దీ గుండు వేగం తగ్గుతూ పోతుంది.

ఇంకో తలనొప్పి వాషర్లు. అప్పట్లో రబ్బరు సీళ్లు లేవు, తోలువే. అవి ఎండితే గాలి కారిపోతుంది, కాబట్టి తడిగా ఉంచాలి. మన ఊళ్లో బోరింగు పంపు వాషర్ ఎండిపోతే చెంబుడు నీళ్లు పోసి కొడతాం కదా, అచ్చం అదే బాధ. సీసా తయారీ కష్టం, రిపేరు కష్టం, దీన్ని వాడటానికి ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలి. చివరికి బండి మీద పెద్ద పంపు పెట్టి వెంట తిప్పే ఏర్పాటు కూడా చేశారు. అయినా కుదరలేదు. అంటే జిరార్డోని తుపాకీ ఓడిపోయింది కాల్చడంలో కాదు, గాలి సరఫరాలో. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, చివర్లో దీంతోనే పని.

అమెరికాలో ఇంకో ముచ్చట ఉంది. మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్ అనే ఇద్దరు సైనికాధికారులు ఖండం దాటి పసిఫిక్ తీరానికి దారి వెతకడానికి వెళ్లారు. లూయిస్ దగ్గర ఒక ఎయిర్ రైఫిల్ ఉండేది. అది జిరార్డోని రకమేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. దారిలో కలిసిన మూలవాసుల తెగల ముందు దాన్ని కాల్చి చూపించేవాడు. పొగ లేకుండా, మందు పొయ్యకుండా వరుసగా పేలే తుపాకీని చూసి వాళ్లు ఆశ్చర్యపోయారని డైరీల్లో ఉంది.

కానీ ఆ ప్రయాణం మొదట్లోనే ఏమైందో తెలుసా? 1803 ఆగస్టు చివర్లో, పిట్స్‌బర్గ్ నుంచి పడవ బయల్దేరి మూడు మైళ్లు వెళ్లగానే ఒక దీవి దగ్గర ఆగారు. లూయిస్ ఏడుసార్లు కాల్చి చూపించాడు. తర్వాత తుపాకీని పక్కవాళ్ల చేతికిచ్చాడు. వాడటం తెలియని మనిషి చేతిలో అది పేలింది. దాదాపు 40 గజాల దూరంలో ఉన్న ఒక మహిళ టోపీలోంచి గుండు దూసుకెళ్లి కణత చీరింది. ముందు చనిపోయిందనే అనుకున్నారు. అదృష్టం బాగుండి బతికింది. "ఇది ఉత్త ఎయిర్ గనే కదా" అనేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ సంగతే చెప్తాను.

సరే, స్ప్రింగు ఎక్కడ గెలిచింది? 19వ శతాబ్దం చివరికి స్ప్రింగుతో నడిచే చవక గన్‌లు పెరిగాయి. 1905 నుంచి ఇంగ్లండ్‌లో బీఎస్ఏ కంపెనీ, లింకన్ జెఫ్రీస్ డిజైన్‌తో మంచి స్ప్రింగు రైఫిళ్లు తెచ్చింది. వీటి గొప్పతనం ఒక్కటే: పంపు తుపాకీ లోపలే ఉంటుంది. సీసా అక్కర్లేదు, నింపే మనిషి అక్కర్లేదు. ఒక్కసారి వంచితే ఒక షాట్ రెడీ. జిరార్డోని తుపాకీని ముంచిన సమస్యే దీనికి లేదు.

కానీ దీనికీ ఒక జబ్బుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే బరువైన పిస్టన్ లోపల కదిలి, గుద్దుకుని, గన్ మొత్తాన్ని కుదిపేస్తుంది. పట్టు కొంచెం మారినా గురి మారుతుంది. టెన్ మీటర్స్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం ఎంతో తెలుసా? అర మిల్లీమీటరు. అక్కడ ఈ కుదుపు పెద్ద శత్రువు.

1966లో టెన్ మీటర్స్ ఎయిర్ రైఫిల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి వచ్చింది, 1984లో ఒలింపిక్స్‌లోకి. జర్మనీ కంపెనీలు కుదుపుని చంపడానికి పోటీ పడ్డాయి. ఫైన్‌వెర్క్‌బావ్ 300 స్ప్రింగు గనే, కానీ కాల్చేటప్పుడు పై భాగం పట్టాల మీద జారినట్టు వెనక్కి జరిగి కుదుపుని మింగేసేది. తర్వాత ఒక్కసారి లివర్ లాగితే గాలి నిండే గన్‌లు, ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్‌వి వచ్చాయి. 1990ల చివరికి మ్యాచ్ రైఫిళ్లు మళ్లీ నింపిన గాలికే వచ్చేశాయి.

అప్పుడు ఓడింది ఇప్పుడెలా గెలిచింది? చుట్టూ ప్రపంచం మారింది కాబట్టి. తోలు వాషర్ పోయి రబ్బరు ఓ-రింగ్ వచ్చింది, 1930లలో. 1943లో కూస్టో, గాన్యాన్ అక్వాలంగ్ తయారు చేశాక, నీళ్లలో ఈదేవాళ్ల కోసం సిలిండర్లు, కంప్రెసర్లు ఊళ్లలోకి వచ్చాయి. జిరార్డోని సీసాలో ఉన్నది సుమారు 55 బార్ ప్రెషర్. ఇప్పటి మ్యాచ్ రైఫిల్ సిలిండర్‌లో 200 బార్. గాలి తగ్గినా ప్రతి షాట్‌కీ ఒకే ప్రెషర్ ఇచ్చే రెగ్యులేటర్ వచ్చింది. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం వచ్చింది ఈ టెన్ మీటర్స్‌లోనే. వాళ్ల కాలానికి ఆ స్థాయిలో పీసీపీయే రాజ్యం.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. మోడల్ పేరు తర్వాత. ముందు జిరార్డోని తుపాకీ ఎక్కడ ఓడిందో అక్కడ మీరు గెలవగలరా, చూసుకోండి.

ఒకటి, గాలి ఎవరు నింపుతారు? మీ రేంజ్‌లో కంప్రెసర్ ఉందా, లేక ఇంట్లో చేతి పంపేనా? చేతి పంపుతో 200 బార్ అంటే చెమటలు పడతాయి. పంపు ధర, దాని సీళ్ల ధర మీ బడ్జెట్‌లో రాసుకోండి. గాలి అంటే మామూలు పొడి గాలే. ఆక్సిజన్ సిలిండర్‌తో మాత్రం ఎప్పుడూ నింపొద్దు. హై ప్రెషర్ ఆక్సిజన్‌కి చిన్న నూనె చుక్క తగిలినా పేలొచ్చు, ప్రాణాలు పోతాయి.

రెండు, సెకండ్ హ్యాండ్ కొంటుంటే ముందు సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి. మ్యాచ్ సిలిండర్లకి సాధారణంగా పదేళ్ల గడువు. గడువు దాటిన సిలిండర్ ఉన్న రైఫిల్ చవగ్గా వచ్చిందని సంబరపడితే, కొత్త సిలిండర్ ఖర్చు మీ మీదే పడుతుంది, పోటీలో కూడా ఇబ్బందే.

మూడు, ఓ-రింగులు మార్చేవాళ్లు, స్పేర్లు మీకు అందే దూరంలో ఉన్నారా? రిపేరుకి ఎక్కడికో పంపి నెలలు ఆగాల్సొస్తే, ఆ సీజన్ పోయినట్టే.

నాలుగు, స్ప్రింగు గన్ వంచి పెట్టకపోతే కాలదు, ఆ సంగతి చూడగానే తెలుస్తుంది. పీసీపీలో గాలి ఎప్పుడూ నిండే ఉంటుంది, బయటికి కనపడదు. ఆ దీవి దగ్గరి మహిళని గుర్తు పెట్టుకోండి. ఎవరి చేతికీ ఊరికే ఇవ్వకండి.

చట్టం కూడా చెప్పాలి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు మించినా, శక్తి 20 జౌల్స్ మించినా లైసెన్సు కావాలి. పీసీపీలో పవర్ సులువుగా పెరుగుతుంది, అందుకే "ట్యూన్ చేసిస్తా" అనేవాళ్ల జోలికి పోవద్దు. పిట్టల మీద ప్రయోగాలు అసలే వద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

నా లెక్క సింపుల్. రేంజ్‌లో గాలి దొరికి, సర్వీసు దొరికి, కోచ్ మీ షాట్లు చూసి "ఇక గన్ నిన్ను ఆపుతోంది" అంటే, పీసీపీకి మారండి. ఈ మూడిట్లో ఒకటి లేకపోయినా కొన్నాళ్లు ఆగండి. ఈలోపు రేంజ్‌లో క్లబ్ పీసీపీ ఉంటే దాంతో ప్రాక్టీస్ చెయ్యండి. ఆగినంత మాత్రాన స్ప్రింగు గన్ మిమ్మల్ని పాడు చెయ్యదు. అంత కుదుపులో పట్టు నిలబెట్టడం నేర్చుకున్న చెయ్యి, కుదుపు లేని రైఫిల్ మీద ఇంకా బాగా పనిచేస్తుంది.

మీ ఊళ్లో గాలి నింపే చోటు ఎక్కడుందో, ఎంత తీసుకుంటున్నారో కామెంట్‌లో రాయండి. కొత్తగా కొనాలనుకునే ఇంకో పిల్లాడికి అది పనికొస్తుంది. ఉంటాను మరి.