తేనెపట్టు కింద నేర్చిన చదువు



బళ్లో జ్ఞానేంద్రియాల పాఠం మనమందరం చదివాం. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అని అయిదూ అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాం. పులి వస్తుంటే ముందు పసిగట్టేది దుప్పా, కొండముచ్చా అని మాత్రం మనల్ని ఏ సారూ అడగలేదు. అడిగి ఉంటే క్లాసులో మొదట చెయ్యెత్తేది మనమే. ఆ అడగని ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. జంతువుల నడవడిని, వాటి ఇంద్రియాలను, మెదడును పిల్లలకు ఎవరు, ఎక్కడ, ఎలా నేర్పారన్నదే ఆ చరిత్ర. అందులో మన పెద్దల వాటా చిన్నదేమీ కాదు.

నల్లమలలో బడి

1940లో ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ నల్లమలకు వచ్చి చెంచుల మధ్య ఉన్నారు. 1943లో వారి మీద ఒక పెద్ద పుస్తకం అచ్చు వేశారు. బయటి ప్రపంచానికి చెంచుల జీవితం వివరంగా తెలిసింది అప్పుడే. కానీ ఆ పుస్తకం రాకముందు ఎన్నో తరాల నుంచీ పెంటల్లో చదువు సాగుతూనే ఉంది. పలక లేదు, బలపం లేదు. తండ్రి వెనక నడవడమే చదువు.

తేనె తీయడం చూడండి. నిట్టనిలువు కొండచరియకు పెద్ద తేనెటీగలు పట్టు పెడతాయి. తీసేవాడు తాడు పట్టుకుని పైనుంచి కిందికి దిగుతాడు. పైన తాడు పట్టుకునేది బావమరిది. చెల్లెలి కాపురం తన చేతిలో ఉంది కనుక వాడు తాడు వదలడని పెద్దల మాట. పిల్లలు దూరాన నిలబడి అంతా చూస్తారు. గాలి ఎటు వీస్తోంది, పొగ ఎప్పుడు పెట్టాలి, ఈగలు మామూలుగా మసలుతున్నాయా, రేగుతున్నాయా అన్నది అక్కడే నేర్చుకుంటారు.

పొగ ఎందుకు? దీనికి శాస్త్రం ఇచ్చే సమాధానం ఇది. ఒక ఈగ కుట్టగానే దాని కొండి దగ్గర నుంచి ఒక వాసన వెలువడుతుంది. మిగతా ఈగలకు అది 'శత్రువు ఇక్కడున్నాడు' అన్న కేక. అందుకే ఒకటి కుట్టిన చోటికే పది వస్తాయి. పొగ ఆ వాసనను కప్పేస్తుంది, కేక వినపడదు. మన తాతలకు ఆ రసాయనం పేరు తెలియదు. దాని పని మాత్రం తెలుసు. తెలియకపోతే తాడు మీద ప్రాణం నిలిచేది కాదు.

ఇక మొదటి ప్రశ్న. కొండముచ్చు చెట్టు మీద ఉంటుంది, దూరం చూస్తుంది. దుప్పి నేల మీద ఉంటుంది, దాని బలం ముక్కు, చెవి. అందుకే రెండూ ఒకే చోట మేస్తూ కనిపిస్తాయి. ఒకటి కంటితో, ఇంకొకటి వాసనతో కాపలా కాస్తాయి. ఒకటి అరిస్తే రెండోది జాగ్రత్త పడుతుంది. ఇంద్రియాల పాఠం ఇంతకంటే బాగా ఏ బోర్డు మీద చెప్పగలరు?

సీసా మూతతో పరీక్ష

ఇప్పుడు అమెరికా వెళదాం. చార్లెస్ హెన్రీ టర్నర్ 1867లో సిన్సినాటిలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. బానిసత్వం పోయి అప్పటికి రెండేళ్లే. తండ్రి ఒక చర్చిలో కాపలా పని, తల్లి నర్సు పని చేసేవారు. టర్నర్ చదువులో పైకి వచ్చి 1891లోనే పక్షుల మెదడు నిర్మాణం మీద పరిశోధన ప్రచురించారు. 1907లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. అంత చదివినా పెద్ద విశ్వవిద్యాలయాల్లో పరిశోధక ఉద్యోగం దొరకలేదు. 1908 నుంచి 1922 దాకా సెయింట్ లూయిస్‌లో నల్లజాతి పిల్లలు చదివే సమ్నర్ హైస్కూల్లో పంతులుగా పనిచేశారు.

ప్రయోగశాల లేదు. పార్కే ఆయన ప్రయోగశాల. నేలలో బొరియ చేసుకునే ఒక రకం ఈగ తన ఇంటిని ఎలా గుర్తు పడుతుందో చూడాలనుకున్నారు. బొరియ పక్కన ఒక సీసా మూత ఉంది. దాన్ని కొంచెం దూరం జరిపి, అక్కడ నేలలో ఒక రంధ్రం చేశారు. తిరిగి వచ్చిన ఈగ నేరుగా మూత దగ్గరి కొత్త రంధ్రానికి వెళ్లింది. అంటే అది చుట్టుపక్కల గుర్తులను జ్ఞాపకం పెట్టుకుంటోంది. ఒక్క సీసా మూతతో ఆయన ఈగ మెదడులోకి తొంగి చూశారు.

1910లో తేనెటీగలు రంగులను గుర్తిస్తాయా అని పరీక్షించారు. ఎర్ర బిళ్లల మీద తేనె ఉంచి అలవాటు చేశారు. ఆ తర్వాత ఈగలు ఎరుపునే వెతుక్కుంటూ వచ్చాయి, వేరే రంగు బిళ్లలను పట్టించుకోలేదు. అయితే అవి రంగును చూసి వచ్చాయా, ముదురు లేతల తేడాను చూసి వచ్చాయా అన్న సందేహం మిగిలిపోయింది.

ఆ సందేహాన్ని ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ వాన్ ఫ్రిష్ 1914 నాటికి తీర్చారు. రకరకాల బూడిదరంగు కాగితాల మధ్య ఒక నీలం కాగితం పెట్టారు. ఈగలు నీలాన్ని తప్పు లేకుండా పట్టుకున్నాయి. ఎరుపు పెడితే మాత్రం ముదురు బూడిదతో, నలుపుతో పొరబడ్డాయి. అంటే తేనెటీగకు రంగులు తెలుసు, కానీ ఎరుపు కనిపించదు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి మాత్రం దానికి కనిపిస్తుంది. ఒకే పువ్వును మనం ఒకలా, తేనెటీగ ఇంకోలా చూస్తున్నామన్నమాట.

1940ల్లో ఫ్రిష్ తేనెటీగల నాట్యం అర్థం కూడా విప్పారు. పువ్వులు కనుగొన్న ఈగ పట్టు మీద తోక ఊపుతూ నడుస్తుంది. ఆ నడక వాలు సూర్యుడి నుంచి ఎటు వెళ్లాలో చెబుతుంది. ఎంతసేపు ఊపిందన్నది దూరం చెబుతుంది. మన కొండచరియల పెద్ద తేనెటీగలూ ఈ నాట్యం చేస్తాయి. ఇన్ని పనులు చేసే ఆ మెదడు ఆవగింజంత. అందులో ఉన్నవి సుమారు 10 లక్షల నాడీకణాలు. మన మెదడులో సుమారు 8,600 కోట్లు. 1973లో ఫ్రిష్‌కు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. టర్నర్ 1923లోనే కన్నుమూశారు. ఆయన పేరు చాలాకాలం పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు.

రాసినవాడిదే లోకంలో నిలుస్తుంది. రాసినా, పుట్టుక చూసి పక్కన పెట్టిన రోజులున్నాయి. ఈ రెండు మాటలూ మనకు కొత్త కాదు.

మార్లవాయి నుంచి చెంగల్పట్టు దాకా

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం ఆదివాసుల స్థితి తెలుసుకోవాలనుకుంది. హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ జిల్లాకు వచ్చారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. పిల్లవాడికి తెలిసిన మాటతో తెలియని అక్షరాన్ని నేర్పాలన్నది అందులోని మూలసూత్రం. జంతువుల పాఠానికీ అదే సూత్రం వర్తిస్తుంది. తెలిసిన దుప్పి నుంచి తెలియని నాడీకణానికి వెళ్లాలి.

తమిళనాడులో ఇరుళర్లను చూడండి. పాముల జాడ, అవి దాగే చోటు, కదిలే వేళ వారికి తరతరాల విద్య. పాము చర్మాల వ్యాపారం నిషేధమయ్యాక బతుకు తెరువు పోయింది. 1978లో సహకార సంఘం పెట్టుకుని, పాములను పట్టి విషం తీసి తిరిగి వదిలే పని మొదలుపెట్టారు. ఆ విషంతోనే పాముకాటుకు మందు తయారవుతుంది. 2023లో ఇద్దరు ఇరుళ పాముల నిపుణులకు పద్మశ్రీ ఇచ్చారు. బడిలో నేర్చింది కాదు, తండ్రి వెనక నడిచి నేర్చిందే ఈ దేశంలో ఎందరి ప్రాణాలనో నిలబెడుతోంది.

తెగుతున్న తాడు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆరేళ్లకే మన పిల్లలు హాస్టల్‌కు వెళుతున్నారు. వెళ్లాలి, చదువుకోవాలి. అందులో రెండో మాట లేదు. కానీ అడవి వెంట నడిచే వయసంతా నాలుగు గోడల మధ్య గడుస్తోంది. చిన్నప్పుడు నేను చదివిన బళ్లో 'కణితి కూసిందంటే పులి కదిలిందని మా తాత చెప్పాడు' అంటే క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత నేను ఆ మాట ఎక్కడా ఎత్తలేదు. తాత పోయాక తెలిసింది, అడగాల్సినవి ఇంకా ఎన్నో మిగిలాయని.

తాత చెప్పాడు కాబట్టి నిజమే అనడం తప్పు. పుస్తకంలో లేదు కాబట్టి అబద్ధం అనడమూ అంతే తప్పు. టర్నర్ చేసినట్టు పరీక్షించాలి, ఫ్రిష్ చేసినట్టు మళ్లీ పరీక్షించాలి.

వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు కొనండి. పట్టు జోలికి పోకండి, దూరం నుంచే చూడండి. ఏ జంతువు దేన్ని ముందు పసిగట్టిందో, ఏ వేళ, ఏ గాలికి అన్నది తేదీతో రాయండి. అవ్వను, తాతను అడిగి ప్రతి పక్షికీ, పురుగుకూ మన మాటలో ఉన్న పేరు రాసుకోండి. ఫోనులో వారి గొంతు రికార్డు చేయండి. బడికి తిరిగి వచ్చాక జ్ఞానేంద్రియాల పాఠం రోజున ఆ పుస్తకం తీసుకుని లేచి నిలబడండి. ఈసారి ఎవరైనా నవ్వితే, మాట్లాడటం ఆపకండి.

కొండ మీది తాడు ఇప్పుడు మీ చేతిలో ఉంది. వదలకండి.