నెల్లూరు తీరమున ఒంటి నక్షత్రము

మొలగొలుకులు నాటిన నెల్లూరు రైతు పంట యింటికి వచ్చుటకు దాదాపు ఆరు మాసములు వేచియుండును. అతనికి ఒక ధైర్యము కలదు. ఆ నేల తాతలనాటినుండియు పండుచున్నదని అతడెఱుగును. అట్టి హామీ యేదియు లేక, ముప్పదియేండ్లు మొలక కొరకు ఎదురుచూచినవారి సంగతి యేమి? విశ్వాసమును నిలుపుకొనుట యనగా నేమో తెలిసికొనుటకు, ఆ తీరముననే నూటయేబదియేండ్లకు పూర్వము జరిగిన ఒక చరిత్రను మనము నేడు స్మరింతము. ఇది క్రైస్తవ సంఘ చరిత్ర. కాని ఇందలి పరీక్ష ఏ మతమువారికైనను ఎదురగునదే.

అమెరికా బాప్తిస్టు సంఘమువారు పంపగా శామ్యూల్ డే అను బోధకుడు 1836లో తెలుగుదేశమునకు వచ్చెను. తొలుత విశాఖపట్టణ ప్రాంతమునను, పిమ్మట మద్రాసునను ఉండి, 1840లో నెల్లూరు చేరెను. ఎండలో తిరిగెను, సంతలలో, తిరునాళ్లలో బోధించెను. ఫలము మాత్రము అత్యల్పము. చేరిన తెలుగువారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. 1846లో ఆరోగ్యము చెడి ఆయన స్వదేశమునకు మరలిపోయెను. అదే సంఘమువారి పనికి బర్మాలో కరెను జాతివారు వేలకొలదిగా స్పందించుచుండిరి. అక్కడ పండుచుండగా ఇక్కడ ధనమును, ప్రాణములను వ్యయపరచుట యేల యను ప్రశ్న 1848లో పుట్టెను. డే విడువలేదు. లైమన్ జ్యూయెట్టు దంపతులను వెంటబెట్టుకొని 1849లో నెల్లూరునకు తిరిగివచ్చెను.

1853లో న్యూయార్కు రాష్ట్రమందలి ఆల్బనీ నగరమున సంఘమువారి సభ జరుగగా, ఆ ప్రశ్న మరల తలయెత్తెను. గోడపై తగిలించిన పటములో వారి కేంద్రములన్నియు చుక్కలుగా గుర్తింపబడి యుండెను. బర్మాలో అవి గుంపుగా నుండగా, బంగాళాఖాతమునకు ఈవలి యొడ్డున నెల్లూరు ఒక్కటియే ఒంటి నక్షత్రమువలె కనబడెను. సభికులలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి యుండెను. అమెరికా దేశభక్తి గీతములలో సుప్రసిద్ధమైన యొకదానిని రచించినవాడాతడే. ఆ రాత్రియే ఆయన 'ఒంటి నక్షత్రము' అను పద్యమును వ్రాసెను. మరునాడు దానిని చదువగా వినినవారి మనస్సులు కరగెను. నెల్లూరు కేంద్రము నిలిచెను.

పద్యము నెల్లూరును నిలిపెనని చెప్పుట అందముగా నుండును. అయితే పద్యము ఒకనాటి ఉత్సాహము నీయగలదు గాని, ప్రతిదిన ధైర్యము నీయజాలదు. ఆ ధైర్యము ఎచ్చట పుట్టెనో చూడవలెనన్న మనము ఒంగోలు వెళ్లవలెను. ఒంగోలు నాడు నెల్లూరు జిల్లాలోనిదే. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆ యూరి కొండపై ఐదుగురు కూడిరి. జ్యూయెట్టు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. కడపటి మువ్వురును తెలుగువారు. క్రింద మైదానమున పల్లెలు నిద్ర మేల్కొనుచుండగా, ఒంగోలునకు ఒక బోధకుని పంపుమని వారు దేవుని ప్రార్థించిరి. ప్రార్థించి కొండ దిగి తమ పనికి పోయిరి. అంతే జరిగినది.

ఆ ప్రార్థనకు సమాధానము వెంటనే రాలేదు. ఏండ్లు గడచెను. 1862లో కేంద్రమును మూసివేయు ప్రసంగము మూడవమారు వచ్చెను. అప్పుడు అమెరికాలోనున్న జ్యూయెట్టు, మీరు సాయము చేసినను చేయకున్నను నేను తిరిగిపోయి తెలుగువారి నడుమనే బ్రతికి అచ్చటనే మరణింతునని తన నిశ్చయమును తెలిపెను. ఆ నిశ్చయము ఎదుట వాదము నిలువలేదు. 1864 చివర ఆయనతో జాన్ ఎవరెట్ క్లౌ అను యువకుడు ఓడ యెక్కెను. పూర్వము భూములు కొలుచు సర్వే పనిలో శిక్షణ పొందినవాడాతడు. 1866లో క్లౌ ఒంగోలున కాపురము పెట్టెను. కొండపై ప్రార్థన జరిగి అప్పటికి పండ్రెండేండ్లు.

ఈ కథను విదేశీయుల ఓర్పుగా మాత్రమే చెప్పుకొన్నచో మనము సగమే చెప్పినవారమగుదుము. ఎదురుచూపు తెలుగువారిలోను ఉండెను. తాళ్లకొండపాడునకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోలు పని చేయువాడు. సత్యము నెఱుగవలెనను తపనతో అతడు వీరమ్మ యను గురువునొద్ద రాజయోగ మార్గము నభ్యసించెను. అయినను మనస్సు కుదుటపడలేదు. తోలు వ్యాపారమునకై తిరుగుచు ఒకచోట క్రైస్తవ బోధ వినెను. దానిని మరువలేక వెదకికొనుచు ఒంగోలునకు వచ్చెను. 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. మరుసటి జనవరిలో అతని పిలుపుపై క్లౌ ఆ ప్రాంతమునకు వెళ్లి చింతతోపులో విడిసినప్పుడు, ఇరువదియెనిమిది మంది సంఘమున చేరిరి. ఈ పల్లెవారి అన్వేషణను క్లౌ రెండవ భార్య ఎమ్మా 'చెప్పులు కుట్టుచు' అను అర్థము వచ్చు పేరుతో 1899లో గ్రంథముగా ప్రకటించెను.

చేరినవారికి సుఖము కలుగలేదు. గ్రామోత్సవములలో డప్పు కొట్టమనిరి గనుక పెద్దలకు కోపము వచ్చెను, పనులు పోయెను. క్లౌకును ఒక సంకటము కలిగెను. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని అగ్రవర్ణములవారు స్పష్టపరచిరి. ఎవరిని వదులుకొనవలెను? ఆ రాత్రి తాను ఒక గదిలోను, భార్య వేరొక గదిలోను బైబిలును తెరువగా ఇరువురికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన పత్రికలోని ఒకే భాగము, లోకము నీచముగా నెంచినవారిని దేవుడేర్పరచుకొనుటను గూర్చినది, కనబడెనని క్లౌ చెప్పుకొనెను. వచ్చినవారిని త్రోసివేయరాదని వారు నిశ్చయించుకొనిరి.

ఇక రెండవ పరీక్ష. 1876 మొదలు 1878 వరకు దక్షిణాదిని మహా కరవు పీడించెను. తీరము వెంట బకింగ్‌హాం కాలువ త్రవ్వించుట కరవు పనిగా సాగెను. క్లౌ మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, తన బోధకులనే మేస్త్రీలుగా నిలిపి, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. పలుగు, పార, గంపలతో పగలెల్ల శ్రమించినవారు సాయంకాలము బోధ వినిరి. వేలమంది మమ్ము చేర్చుకొనుడని యడిగిరి. ముప్పదియేండ్లుగా ఎదురుచూచిన పంట యెదుట నిలిచెను. అప్పుడు క్లౌ కాదనెను! గింజల కొరకు వచ్చినవారెవరో, మనస్సుతో వచ్చినవారెవరో తెలియదని, దాదాపు పదునైదు మాసములు ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. ఫలము లేనినాడు నిలుచుట కష్టమే. ఫలము తానై చేతిలో వ్రాలునాడు చేయి ముడుచుకొని నిలుచుట అంతకంటె కష్టము.

కరవు సాయము ముగిసెను. ఇక పంచుటకు ఏమియు లేదు. అయినను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన ఒంగోలునకు ఉత్తరముననున్న వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొని నీటిలో నిలిచిరి. క్లౌ గట్టుననే యుండెను. ఆ సంవత్సరాంతమునకు చేరినవారి సంఖ్య తొమ్మిదివేల ఆరువందలు దాటెను.

కరవునాడు పెట్టిన అన్నమే వారిని తెచ్చెననువారు నాడును కలరు, నేడును కలరు. కృతజ్ఞత అందులో లేదని మనము చెప్పజాలము. మనిషి మనస్సున ఒకే కారణ ముండుట అరుదు. తమను మనుష్యులుగా గౌరవించిన చోటికి పోవలెనను కోరికయు నందు కలదు. కాని పేరయ్య గురువును వెదకినది కరవునకు పదియేండ్లు ముందు. ఆ దప్పిక యన్నముతో తీరునది కాదు.

నాడు పడవలతో కళకళలాడిన బకింగ్‌హాం కాలువ నేడు పలుచోట్ల పూడిపోయినది. దానిని త్రవ్విన చేతుల పేర్లు ఎచ్చటను చెక్కబడలేదు. అట్లే కొండపైని ఐదుగురిలో జూలియాను, రూతును, నర్సును తలచువారు కొలదిమందియే. నక్షత్రము ఆరిపోకుండుటకు కారణము పటమును చూచి పద్యము వ్రాసిన వారొక్కరే కాదు. చీకటియుండగనే కొండ యెక్కి, ఏమియు కనబడకున్నను దిగివచ్చి, ఆనాటి పనిని ఆనాడు చేసినవారును కారణమే. మన యిండ్లలోను ప్రార్థన ఫలింపని దినములు వచ్చును. అట్టి దినమున ఆ ఐదుగురు మనకు జ్ఞప్తికి వచ్చిన చాలును.