లవ్ కెనాల్: నీటి దారి వెతికిన కథ

అమెరికాలో నయాగరా ఫాల్స్ పట్టణం. 1890లలో విలియం లవ్ అనే వ్యాపారి అక్కడ కాలువ తవ్వించి, కరెంటు పుట్టించి, పక్కనే కొత్త నగరం కట్టాలనుకున్నాడు. పెట్టుబడి దొరకక పని మధ్యలో ఆగిపోయి, సుమారు కిలోమీటరు పొడవున గొయ్యి మిగిలింది. 1942 మొదలుకొని పదేళ్లకు పైగా హుకర్ కెమికల్ కంపెనీ అందులో 21,000 టన్నులకు మించిన రసాయన వ్యర్థాలను పీపాల్లో నింపి పడేసింది. పైన మట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూల్ బోర్డుకు రాసిచ్చింది. కింద రసాయనాలున్నాయని దస్తావేజులోనే ఉంది. జరగబోయే నష్టానికి కంపెనీ బాధ్యత లేదన్న షరతూ ఉంది. అది చదివిన పెద్దలు అక్కడే బడి కట్టించారు. పిల్లల విషయంలో ఇంతకంటే ఘోరమైన నిర్ణయం ఊహించలేం.

బడి చుట్టూ ఇళ్లు లేచాయి. రోడ్లకూ, మురుగు గొట్టాలకూ జరిగిన తవ్వకాల్లో గొయ్యి మీదా పక్కలా ఉన్న బంకమట్టి దెబ్బతింది. 1970ల నడుమ వానలు, మంచు విపరీతంగా కురిసి, నీళ్లు నిండిన గోలెం పొర్లినట్టు గొయ్యిలోని విషం అంచులు దాటింది. పెరళ్లలో పీపాలు తేలాయి. నేలమాళిగల గోడల్లోంచి నల్లటి జిగురు ఊరింది. ఊటనీరు తోడే పంపుల దగ్గర నమూనాలు తీసి పరీక్షిస్తే విషరసాయనాలు బయటపడ్డాయి. స్థానిక పత్రిక నయాగరా గెజెట్ విలేకరులు విడవకుండా రాశారు.

ఆ కథనాలు చదివినవారిలో లోయిస్ గిబ్స్ ఒకరు. ఆమె కొడుకు ఆ బడిలో చేరాక మూర్ఛ జబ్బు పడ్డాడు. వేరే బడికి మార్చమంటే అధికారులు ఒప్పుకోలేదు. ఆమె ఇంటింటికీ తిరిగింది. ఎవరికి గర్భస్రావమైంది, ఏ బిడ్డ లోపంతో పుట్టింది, ఎవరికి ఏ జబ్బుందో అడిగి రాసుకుని, వీధుల పటం మీద గుర్తులు పెట్టింది. జబ్బులు కాలువ పక్క ఇళ్లతో ఆగలేదు. దూరాన కూడా అక్కడక్కడా గుంపులు గుంపులుగా కనిపించాయి. ఒకప్పుడు అక్కడ పారి, ఇళ్లు కట్టేముందు పూడ్చేసిన వాగుల జాడలు పాతకాపులకు తెలుసు. గిబ్స్ గుర్తుల్ని ఆ జాడలతో పోల్చి చూసి, పూడిన వాగుల వెంటే విషం నడుస్తోందని శాస్త్రవేత్త బెవర్లీ పైగెన్ వాదించారు. రాష్ట్ర ఆరోగ్యశాఖ మొదట ఆ లెక్కల్ని కొట్టిపారేసింది. శాస్త్రజ్ఞుల మధ్య ఆ వాదన చాలాకాలం నడిచింది. అయితే 1979 ఫిబ్రవరిలో అదే శాఖ, గర్భిణులూ రెండేళ్లలోపు పిల్లలూ ఆ దూరపు ఇళ్లను కూడా వదలాలని చెప్పాల్సి వచ్చింది. నా దృష్టిలో ఈ కథలో అసలు ఆవిష్కరణ ఆ గుర్తుల పటమే. నీరు ఎటు పోతోందో తేలనిదే ఏ శుభ్రతా ప్రణాళికా నిలబడదు.

అంతకుముందే, 1978 ఆగస్టు 2న రాష్ట్రం అత్యవసర పరిస్థితి ప్రకటించి బడి మూసేయమంది. 7న అధ్యక్షుడు కార్టర్ కేంద్రం తరఫున ప్రకటించారు. కాలువను ఆనుకుని ఉన్న 200కు పైగా కుటుంబాలు ముందు కదిలాయి. 1980లో రెండోసారి ప్రకటన వచ్చాక మొత్తం 900కు పైగా కుటుంబాలకు తరలిపోయే వీలు దొరికింది.

ఇక గొయ్యిని ఏం చేయాలి? తవ్వి తీస్తే ఆవిర్లు ఊరంతా కమ్ముతాయి. పైగా తీసినదాన్ని ఎక్కడ పెట్టాలన్నదీ ప్రశ్నే. అందుకే విషాన్ని కదపకుండా నీటిని ఆపాలన్నారు. చుట్టూ కందకం తవ్వి చిల్లుల గొట్టాలు వేశారు. ఊట వాటిలోకి దిగి శుద్ధి కేంద్రానికి చేరుతుంది. అక్కడ క్రియాశీల బొగ్గు రసాయనాలను పట్టేసుకుంటుంది. వాననీరు లోపలికి దిగకుండా పైన బంకమట్టి పరిచారు. 1984లో ఆ కప్పును 40 ఎకరాలకు పెంచి ప్లాస్టిక్ పొర కూడా వేశారు. పక్కనున్న మురుగు గొట్టాలకూ వాగులకూ మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అక్కడి విషపు బురదను తవ్వి తీయాల్సిందే, తీశారు.

ఇలాంటి విషపు చోట్లను శుభ్రం చేయించేందుకు 1980 డిసెంబరు 11న అమెరికాలో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. అనుమానం వచ్చిన చోటును ముందు పైపైన చూడటం, ప్రమాదాన్ని బట్టి మార్కులు వేయడం, తర్వాత బోర్లు వేసి మట్టినీ నీటినీ లోతుగా పరీక్షించడం, మార్గాలను పోల్చి ప్రజల ముందు పెట్టడం ఒక పద్ధతిగా స్థిరపడింది. విషం పోసినవారి చేతే ఖర్చు పెట్టించడం అందులో ప్రాణం. హుకర్ మాతృసంస్థ ఆక్సిడెంటల్ 1995లో కేంద్రానికి 12.9 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. 2004లో సూపర్‌ఫండ్ ప్రాధాన్య స్థలాల జాబితా నుంచి లవ్ కెనాల్ పేరు తీసేశారు కానీ, ఊటనీటి శుద్ధి, పరీక్షలు ఆగలేదు.

మన హైదరాబాద్ పక్కన జవహర్‌నగర్ చెత్తగుట్టకూ పైకప్పు వేశారు. అక్కడి నల్లటి ఊట మల్కారం చెరువును పాడుచేసిన సంగతి ఆ చుట్టుపక్కలవారికి కొత్త కాదు. మన దేశంలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు 2025లో గానీ రాలేదు. అనుమానిత స్థలాల్ని గుర్తించే పని వాటి ప్రకారం స్థానిక సంస్థలదీ, జిల్లా యంత్రాంగానిదీ. మీ బోరునీటి రంగో వాసనో మారితే ఏ తేదీన, ఏ ఇంట్లో మారిందో రాసిపెట్టండి. మీ ఊరి పాత వాగుల జాడలు పెద్దల్ని అడిగి పటం గీయండి. ఆ కాగితాలు పట్టుకుని కలెక్టరు కార్యాలయానికి వెళ్లండి.