కుషింగ్‌లో చోటు లేని రోజు

"ముడిచమురు ధర ఇవాళ ఇంత" అని వార్తల్లో చదువుతుంటాం కదా. అది ఏ చమురు, ఏ ఊళ్ళో, ఏ నెలలో ఇచ్చే చమురు అన్నది మనమెవరం పట్టించుకోం. పట్టించుకోకపోతే కొంపేం మునగదులే అనుకుంటాం. 2020 ఏప్రిల్ 20న మన దేశంలో కొంతమందికి నిజంగానే మునిగింది.

ఈ కథ 1983 మార్చి 30న మొదలైంది. అప్పటిదాకా రేటంటే ప్రధానంగా ఒపెక్ దేశాలు ప్రకటించిందే. ఆ రోజు న్యూయార్క్ మర్కంటైల్ ఎక్స్ఛేంజ్, అదే నైమెక్స్, ముడిచమురు ఫ్యూచర్స్ తెచ్చింది. ఒక కాంట్రాక్టుకి 1000 బ్యారెళ్ళు, డెలివరీ ఓక్లహోమా రాష్ట్రంలోని కుషింగ్‌లో. పదివేల జనాభా కూడా లేని ఊరు, కానీ పైపులైన్లకి పెద్ద జంక్షన్. కొన్నవాళ్ళలో చాలామంది చమురు మొహం కూడా చూడరు, గడువులోపు అమ్మేసుకుంటారు. అమ్మకుండా ఉంచుకుంటే మాత్రం సరుకు తీసుకోవాల్సిందే.

లండన్‌లో 1988లో వచ్చిన బ్రెంట్ ఫ్యూచర్స్ అలా కాదు, అక్కడ లెక్క డబ్బుతో తేల్చుకోవచ్చు. అన్నట్టు, ఉత్తర సముద్రంలోని బ్రెంట్ క్షేత్రంలో ఉత్పత్తి 2021లోనే ఆగిపోయింది! ఇప్పుడు ఆ పేరుతో లెక్కేసేది ఫోర్టీస్, ఎకోఫిస్క్ లాంటి వేరే చమురుల్ని. 2023 నుంచి అమెరికా చమురు కూడా అందులో చేరింది. మన ప్రాజెక్టుల్లో కోడంతా తిరగరాసినా మాడ్యూల్ పేరు మార్చనట్టు :)

సరే, 2020కి వద్దాం. లాక్‌డౌన్ల వల్ల వాడకం పడిపోయింది. కుషింగ్ ట్యాంకుల్లో ఇంకాస్త ఖాళీ ఉన్నా, దాన్ని ముందే ఎవరెవరో బుక్ చేసేసుకున్నారు. మే కాంట్రాక్టుకి ఏప్రిల్ 21 ఆఖరు. చమురు పోసుకునే చోటు లేనివాళ్ళు ఎదురు డబ్బులిచ్చి మరీ వదిలించుకున్నారు. శుక్రవారం 18.27 డాలర్లున్నది సోమవారం మైనస్ 37.63 దగ్గర ముగిసింది. అదే రోజు జూన్ కాంట్రాక్టు 20 డాలర్ల పైన, బ్రెంట్ 25 పైన ఉన్నాయి. అంటే సున్నా కిందకి పోయింది చమురు ధర కాదు, ఆ ఊళ్ళో ఆ నెల డెలివరీ ధర.

మన ఎంసీఎక్స్‌లో క్రూడ్ కాంట్రాక్టు రూపాయల్లో తేల్చేదే, కానీ ఆఖరి రేటు నైమెక్స్‌ది. లాక్‌డౌన్ అని ఆ రోజుల్లో ట్రేడింగ్ సాయంత్రం 5 గంటలకే ఆపేస్తున్నారు. నైమెక్స్ రేటు కుప్పకూలింది మన అర్ధరాత్రి వేళ. ఇక్కడివాళ్ళు చూస్తూ కూర్చోవడం తప్ప అమ్మే దారే లేదు. చివరికి బ్యారెల్‌కి మైనస్ 2,884 రూపాయలతో సెటిల్ చేశారు. లాట్‌కి 100 బ్యారెళ్ళు కాబట్టి, కొన్న డబ్బు పోగా ఇంకో 2,88,400 ఎదురు కట్టాలి. కొందరు బ్రోకర్లు కోర్టుకెక్కారు.

రూల్ ప్రకారం ఎక్స్ఛేంజ్‌దే రైటని వాదించొచ్చు, కాంట్రాక్టులో ఉన్నది నైమెక్స్ రేటే కదా. నాకు మాత్రం మింగుడు పడదు. రేటుని న్యూయార్క్ గడియారానికి కట్టేసి, తలుపులు మాత్రం ముంబైలో సాయంత్రమే మూస్తే, కొన్నవాడు బయటికెలా వస్తాడు? కుషింగ్‌లో ట్యాంకు వెతుక్కునే అవకాశం కూడా వాడికి లేదాయె.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఎంసీఎక్స్ రాత్రి ట్రేడింగ్ మళ్ళీ తెరిచింది.