సఫర్‌కు ముందు సూది

మా మొహల్లాలో ఇప్పుడు నడక రాని బచ్చాలకూ పాస్‌పోర్టులు ఉన్నాయి. అబ్బా జిద్దాలోనో షికాగోలోనో కొలువు చేస్తుంటాడు, అమ్మీ బిడ్డను చంకనేసుకుని విమానం ఎక్కుతుంది. అలాంటివాళ్లు నన్ను తరచూ అడిగే సవాల్ ఒకటుంది: "భాయ్, తట్టు టీకా తొమ్మిదో నెలలో కదా? ఊరు దాటుతున్నామని ఏడో నెలలోనే వేయించమంటున్నారేంటి?" దీని జవాబు తారీఖ్‌లో ఉంది.

తట్టును ఉర్దూలో ఖస్రా అంటాం. దానికీ మశూచికీ ఫరఖ్ చెబుతూ వెయ్యేళ్ల కిందటే కితాబ్ రాసినవాడు హకీం అల్-రాజీ. ఈ మర్జ్ ముసాఫిర్లతోనే ఊళ్లు తిరుగుతుంది. 1875 జనవరిలో ఫిజీ రాజు థాకొంబావు సిడ్నీ నుంచి ఓడలో వాపస్ వచ్చాడు. ఆ ఓడలోనే ఖస్రా కూడా దిగింది. అప్పటిదాకా దాన్ని ఎరగని ఆ దీవుల్లో కొన్ని నెలల్లోనే సుమారు 40,000 మంది చనిపోయారని అంచనా.

టీకా 1963లో అమెరికాలో వచ్చింది. మొదట తొమ్మిది నెలలకు వేయమన్నారు. 1965లో దాన్ని ఏడాదికి, 1976లో 15 నెలలకు జరిపారు. కారణం అమ్మీ ఇచ్చిన అమానత్. కడుపులో ఉండగా ఆమె నుంచి అందిన యాంటీబాడీలు బిడ్డను కొన్ని నెలలు కాపాడతాయి. అవి ఒంట్లో ఉండగా టీకా వేస్తే, టీకాలోని బలహీనపరచిన వైరస్‌ను కూడా అణిచేస్తాయి. టీకా సరిగా పట్టదు. అలాగని ఎక్కువ ఇంతెజార్ చేస్తే మర్జే ముందు వచ్చేస్తుంది. ఖస్రా జోరుగా తిరిగే ముల్కుల్లో అందుకే తొమ్మిది నెలలే ఖాయం చేశారు. మన దేశంలో 1985లో ఈ టీకా మొదలైంది ఆ వయసుకే. అమెరికాలో ఇప్పుడు 12 నుంచి 15 నెలలు.

సఫర్ ఈ తరాజును కదిలిస్తుంది. ఖస్రా ఉన్న మనిషి గది విడిచి వెళ్లాక కూడా రెండు గంటల దాకా వైరస్ గాలిలో ఉండగలదు. ఇక ఎయిర్‌పోర్టుల సంగతి చెప్పాలా? అందుకే 6 నుంచి 11 నెలల బిడ్డ పరదేశం వెళ్తుంటే ముందుగానే ఒక డోసు వేయమంటుంది అమెరికా ఖాయిదా. బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు వేయిస్తే మంచిది.

అయితే ఆ డోసు హిసాబ్‌లోకి రాదు. ఏడో నెలలో వేయించినా ఇక్కడ తొమ్మిదో నెల డోసు వేయించాల్సిందే. అమెరికాలో అయితే మన తొమ్మిదో నెల డోసునూ లెక్కించరు, ఏడాది నిండాక కనీసం 28 రోజుల ఎడంతో రెండు వేయించమంటారు. "మరి మొదటిది బేకారేనా?" అని ఖాలాలు చిరాకుపడతారు. కాదు ఖాలా, అమ్మీ ఇచ్చిన అమానత్ అరిగిపోతున్న ఆ నెలల్లో, ఆ సఫర్‌లో బిడ్డకు దొరికే హిఫాజత్ అదే. టికెట్ కొన్న రోజే టీకా కార్డు తీసుకుని డాక్టర్ సాబ్ దగ్గరికి వెళ్లండి.