రేకు కింద పేర్లు

మా పిన్ని కొడుకు గిటారు కట్టుకుంటున్నాడు. కొనుక్కోవడం కాదు, కట్టుకోవడమే. బాడీ ఎవరో వదిలేసిన పాత గిటారుది. మెడ మరోదానిది. స్విచ్చులూ, తిప్పే నాబ్‌లూ కోఠీ గుజరాతీ గల్లీలో ఏరుకొచ్చినవి. మెడ కూర్చునే గాడి కాస్త వెడల్పయితే సన్నని చెక్కపేడు దూర్చి బిగించాడు. అన్నీ అమరాక చూస్తే మూడు పికప్‌లలో ఒకటి మూగది. "లోపల తీగ తెగింది, పారేయడమే" అన్నాడు. వంటింట్లోంచి పిన్ని వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని, దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "పారేయడమెందుకురా? మళ్లీ చుడితే సరి" అంది.

పిన్ని పెళ్లికి ముందూ, పెళ్లయ్యాక కొన్నేళ్లూ బాలానగర్‌లో ఒక చిన్న యూనిట్‌లో రిలే కాయిల్స్ చుట్టేది. ఈ సంగతి నాకు తెలుసు. స్త్రీల శ్రమ కథల్లో ఎలా కనిపించిందో పరిశోధించి డాక్టరేట్ తెచ్చుకున్న నేను, ఆవిడని ఏనాడూ దాని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ సిగ్గే నన్ను ఎలక్ట్రిక్ గిటార్ చరిత్ర చదివించింది.

ఎలక్ట్రిక్ గిటారుకి గొంతు పికప్. ఆరు చిన్న అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగని వేలసార్లు చుడతారు. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదిలి, ఆ చుట్టల్లో చిన్న విద్యుత్తు పుడుతుంది. మనం వినేది దాన్నే, పెద్దది చేసి. 1950లలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో, ఫెండర్ ఫ్యాక్టరీలో తయారైన స్ట్రాటోకాస్టర్ పికప్‌లో సుమారు 8,000 చుట్లుండేవి. యంత్రం తిరుగుతుంటే తీగని వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ నడిపించడం మనిషి పని. బిగువు ఎక్కువైతే తెగుతుంది, తక్కువైతే వదులవుతుంది. అందుకే ఏ రెండు పికప్‌లూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ వేళ్లు ఎక్కువగా ఆడవాళ్లవి, వాళ్లలో చాలామంది మెక్సికన్ అమెరికన్ కుటుంబాల వాళ్లు.

లియో ఫెండర్ తన గిటారు మెడని జిగురుతో అతికించలేదు, నాలుగు మరలతో బిగించాడు. విప్పడం, మార్చడం తేలిక. ఒకదాని మెడ ఇంకోదాని బాడీకి తొడగొచ్చు. తర్వాత కాలంలో ఎందరో వీరుల గిటార్లు పుట్టింది ఈ సౌకర్యంలోంచే. 1970లో ఎరిక్ క్లాప్టన్ నాష్‌విల్‌లో పాత స్ట్రాటోకాస్టర్లు కొన్నాడు. మూడింటిని జార్జ్ హారిసన్‌కీ, పీట్ టౌన్‌షెండ్‌కీ, స్టీవ్ విన్‌వుడ్‌కీ ఇచ్చి, మిగిలిన మూడింటిలో మంచి మంచి భాగాలు ఏరి ఒక్కటి కట్టించుకున్నాడు. దాని పేరు 'బ్లాకీ'. బాడీ 1956 నాటిది, మెడ 1957 నాటిది. 2004లో న్యూయార్క్ వేలంలో అది 9,59,500 డాలర్లు పలికింది.

ఎడ్డీ వాన్ హేలెన్ కథ ఇంకా చిత్రం. 50 డాలర్ల బాడీ, 80 డాలర్ల మెడ, తన గిబ్సన్ గిటారులోంచి పీకిన పికప్. గిబ్సన్ పికప్‌లో అయస్కాంత ధ్రువాల మధ్య దూరం తక్కువ, ఫెండర్ పద్ధతి బ్రిడ్జ్ మీద తీగల మధ్య దూరం ఎక్కువ. రెండూ కలవకపోతే పికప్‌ని ఏటవాలుగా కూర్చోబెట్టాడు. పొసగని కొలతలకి ఎంత సుళువైన ఉపాయం! 'ఫ్రాంకెన్‌స్ట్రాట్' అని పిలిచే ఆ గిటారుని 2019లో మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకి పెట్టింది. వాళ్ల తెలివిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మా అమ్మమ్మ ఆరు పాత చీరలు చింపి కుట్టిన బొంతని ఎవరూ కళ అనలేదే అన్న బాధ మాత్రం ఉంది. రంగులు కలవని ముక్కల్ని కలిసేలా చేయడం మన ఇళ్లలో పొదుపు, మగవాడి చేతిలో ప్రతిభ.

ఇలా ముక్కలు కలిపి కట్టే వాళ్లే, అనుకోకుండా, ఇంకొకటి చేశారు. విప్పారు. పైనున్న ప్లాస్టిక్ రేకు తీసి చూస్తే, 1950ల నాటి ఫెండర్ బాడీల్లో మాస్కింగ్ టేపు ముక్కలు కనిపించేవి. వాటి మీద పెన్సిల్‌తో తేదీ, ఒక పేరు. మేరీ. గ్లోరియా. వైర్లు అతికించిన అమ్మాయిల పేర్లు. ఇంటి పేరు లేదు, అంతే. పగలని గిటారులో, ఎవరూ విప్పని గిటారులో ఆ పేర్లు చీకట్లోనే ఉండిపోతాయి.

అబిగైల్ ఇబారా 1956లో ఫెండర్‌లో చేరింది. తను చుట్టిన పికప్‌ల అడుగున పొడి అక్షరాలూ తేదీ రాసేది. 1965లో కంపెనీని సీబీఎస్ కొంది, 1985లో ఉద్యోగుల బృందం చేతికి వచ్చింది, ఫ్యాక్టరీ కరోనా పట్టణానికి మారింది. యజమానులు మారారు, ఆవిడ చుడుతూనే ఉంది. తర్వాత తర్వాత పాత గిటార్లు సేకరించే వాళ్లు ఆ అక్షరాల కోసం వెతకడం మొదలుపెట్టారు. కంపెనీ ఆమె పేరుతోనే పికప్‌లు అమ్మింది. 2013లో రిటైరయింది, తన దగ్గర పని నేర్చుకున్న జోసెఫీనా కాంపోస్‌కి ఆ స్థానం దక్కింది. సంతోషమే. కానీ ఆవిడ పేరు బ్రాండయ్యేసరికి పక్క బల్లల దగ్గర కూర్చున్న మిగతావాళ్ల పేర్లు ఇంకా వెనక్కి పోలేదా? ఒక్కరిని వెలికితీసి అందరికీ న్యాయం చేశామనుకోవడం మన సాహిత్య చరిత్రలోనూ చూశాం కదా, మొల్ల ఒక్కతే చాలన్నట్టు.

అసలు పేరే లేదనడం ఇంకో పద్ధతి. మిషిగన్ రాష్ట్రం కలమజూలోని గిబ్సన్ ఫ్యాక్టరీ రెండో ప్రపంచ యుద్ధకాలంలో గిటార్ల తయారీ ఆగిందని చెప్పుకుంటూ వచ్చింది. జాన్ థామస్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడికి 1944 నాటి ఫొటో ఒకటి దొరికింది, ఫ్యాక్టరీ ముందు సుమారు 75 మంది స్త్రీలు. బతికున్న వాళ్లని వెతికి మాట్లాడాడు. మగవాళ్లు యుద్ధానికి వెళ్లాక వేల గిటార్లు వీళ్లే చేశారు. ఆ గిటార్లని ఎక్స్‌రే తీయించి చూస్తే లోపలి పని ముందటి వాటికన్నా నాజూగ్గా ఉందని ఆయన చెప్పాడు. ఫొటో పోయి ఉంటే? 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు కూడా, వెళ్లి అడిగినందుకే ఆ ఆడవాళ్లు మాట్లాడారు.

నేనూ ఆలస్యంగా అడిగాను. "ఆడపిల్లల వేళ్లు సన్నం, తీగ తెగదు అని మమ్మల్నే తీసుకునేవాళ్లే. జీతం కూడా సన్నగానే ఇచ్చేవాళ్లు" అంది పిన్ని, తీగ కొస వెతుకుతూ. ఆవిడ నవ్వింది, నాకు నవ్వు రాలేదు. వేళ్ల నైపుణ్యం పుట్టుకతో వచ్చిందంటే నేర్చుకున్న ఏళ్లకి కూలి ఇవ్వక్కర్లేదు.

చేత్తో తిప్పే పాత డ్రిల్లుని బల్లకి బిగించింది. చక్రం ఒకసారి తిరిగితే ముందు నాలుగుసార్లు తిరుగుతుంది, అంటే 2,000 తిప్పులు. రెండుసార్లు తీగ తెగింది. నేను వందల లెక్క కాగితం మీద గీతలు పెట్టాను. మూడోరోజు సాయంత్రం ఆ పికప్ మోగింది. మిగతా రెండింటికన్నా గొంతు కాస్త మందంగా ఉంది. వాడికి అదే నచ్చింది.

రేకు మూసేముందు టేపు ముక్క చింపి, పెన్సిల్ పట్టుకుని, "పిన్నీ, నీ పేరు రాయనా?" అన్నాను.

"పేరెందుకే? తేదీ రాయి. మళ్లీ పోతే ఎన్నాళ్లు పనిచేసిందో తెలుస్తుంది" అంది.

రెండూ రాశాను.