సంరక్షకుల భత్యము, వికలాంగుల పింఛను: అర్హతలలో భేదము

2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం-2016, తన 24వ సెక్షన్‌లో సంరక్షకుల భత్యమును పేర్కొన్నది. మొత్తమును మాత్రం నిర్ణయించక ప్రభుత్వాల ఆర్థిక స్థోమతకు విడిచినది. ఈ భత్యమును వికలాంగుల పింఛనుతో కలిపి చూచుట సరికాదు.

ఇందిరా గాంధీ జాతీయ వికలాంగుల పింఛనుకు 80 శాతం వైకల్యము, దారిద్ర్యరేఖకు దిగువన ఉండుట ప్రాతిపదికలు. భత్యమునకు ప్రధానమైనది అవసరము. కనీసం 40 శాతం వైకల్యము ధ్రువీకరింపబడినవారు, నిత్యకృత్యములకు అధిక సహాయము కావలెనని 38వ సెక్షన్ క్రింద దరఖాస్తు చేసుకొనవచ్చును; వారి తరపున ఇతరులైనను చేయవచ్చును. మదింపు బోర్డు పరిశీలించును. కావున 80 శాతం లేదని పింఛను నిరాకరింపబడినంత మాత్రాన ఈ దరఖాస్తును తోసిపుచ్చరాదు.

చట్టరీత్యా భత్యము వికలాంగునికి చెందినది. కుమారుని సాకుచున్న వితంతువు స్వంత పింఛను అర్హతను ఆ పథకపు నిబంధనలను బట్టి విడిగా పరిశీలించవలెను. కేరళ 2010లో ప్రారంభించిన ఆశ్వాసకిరణం ఇందుకు భిన్నము. అందలి నెలకు రూ. 600 సంరక్షకులకే నిర్దేశింపబడినది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో, పూర్తి వైకల్యముతో మంచమునకు లేదా చక్రాల కుర్చీకి పరిమితమైనవారి పింఛను నెలకు రూ. 15,000కు పెంచబడినది. ఇదియు లబ్ధిదారుని పింఛనే; సంరక్షకుల వేతనమని వార్తలలో వ్రాయుట తగదు.